ఎడమ చెయ్యి

మంగళవారం వాన.
టార్టూలో వాన పడటం వార్త కాదు.
మెట్ల కింద గంపెడు ఆపిల్ పళ్ళు పెట్టి
ఎవరో చప్పుడు లేకుండా పోవడం వార్త.
గోడవతలి హెల్వే అయ్యుంటుంది.
అక్టోబరొస్తే ఈ వీధికంతా
ఆపిల్ పళ్ళు వదిలించుకోవడమే పని.
గేటు గేటుకీ బకెట్లు, వాటి మీద అట్టముక్క:
"తీసుకోండి. దయచేసి తీసుకోండి."
రెండో వాక్యంలో ఉన్న బతిమాలుకోవడం
నిఘంటువు చూడకుండానే అర్థమైంది.

సగానికి సగం పుచ్చులు.
మంచివైపు కోసుకుని, దాల్చినచెక్క పొడి జల్లి
కేకు పెట్టాను.
ఓవెన్ అద్దె ఇంటిది. దానికి ఎడమ మూల కోపం.
అటు మాడుస్తుంది, ఇటు పచ్చిగా వదిలేస్తుంది.
సగంలో పళ్ళెం తిప్పాలని తెలిసేసరికి
నాలుగు కేకులు పోయాయి.
ఐదోది కూడా కొంచెం పోయింది.

ఇక అల్లిక.
ఆగస్టు నుంచి హెల్వే దగ్గర నేర్చుకుంటున్నాను.
మేజోడుకు మడమ తిప్పడం వచ్చు, చుక్కలు రావు.
ఆమె సొరుగులో ఒక్క చేతి తొడుగే ఉంది.
కుడిది.
నీలం మీద ఎనిమిది కోణాల తెల్లచుక్కలు,
మణికట్టు దగ్గర ఎర్రగీత,
లోపలికి తిప్పి చూసినా ముడి కనపడదు.
"మా చెల్లెలు లెయిడా అల్లింది" అంది,
"మార్చిలో."
ఏప్రిల్ గురించి ఏమీ అనలేదు.
మిగిలిన ఊలు ఉండనీ ఐదు సూదులనీ
బల్లమీద నావైపు జరిపింది.

బుధవారం పదహారు వరసలు.
గురువారం లెక్క తప్పి పదకొండు విప్పాను.
విప్పిన ఊలు తిన్నగా ఉండదు,
పడుకున్న వంపుల్లోనే ఇంకా పడుకుంటుంది.
ఆవిరి మీద పట్టి మరిపించాలట.

రాత్రిళ్ళు లైబ్రరీ నవల.
ఒక లైట్‌హౌసు, ఒక పడవ, తిరిగిరాని మనిషి.
ఈ భాషలో అతనికీ ఆమెకీ ఒకటే మాట.
నేనేమో తెలుగులో తలచుకుంటూ
"వెళ్ళాడు" అనేసుకున్నాను.
ఏడు పేజీలపాటు అతనికి గడ్డం పెంచి, చుట్ట తాగించి,
చలికని కోటు కూడా తొడిగాను.
నలభై ఎనిమిదో పేజీలో
తడిసిన గౌను అంచు పిండుకుంది.
చేసేదేముంది,
నలభై ఒకటి దాకా విప్పుకుంటూ వెనక్కొచ్చి
"వెళ్ళింది" దగ్గర మళ్ళీ ఎత్తుకున్నాను.
ఈసారి సముద్రం కూడా వేరేగా ఉంది.

చలి పులి అన్నమాట ఇక్కడెవరికి చెప్పను?
నాకు తెలిసి ఈ ఇంట్లో ఉన్న పులి
గాజుసీసాలో పులుస్తున్న రై పిండే.
హెల్వే ఇచ్చిన మూల పిండి,
రోజూ చెంచాడు మేత అడుగుతుంది,
అర్ధరాత్రి మూత ఎత్తి బుస కొడుతుంది.
దోసెల పిండి వాసన వస్తుందని
ఆశగా ముక్కు పెట్టాను.
రాలేదు. బీరు వాసన.
సరే, దీని ఇల్లు ఇది.

ఆదివారం బొటనవేలు మూసి, కొస లోపలికి దాచి
రెండు తొడుగులూ పక్కపక్కన పెట్టాను.
నాది వేలెడు పొట్టి.
చుక్కలన్నీ ఉన్నాయి, ఒకదాన్నొకటి
బస్సులో జనంలా ఒరుసుకుంటున్నాయి.
నా చేతికి బిగువెక్కువ, ముందునుంచీ.
"విప్పేసి మళ్ళీ అల్లుతాను" అన్నాను.
హెల్వే కళ్ళజోడు దించి చూసి,
"ఊలెక్కడికీ పారిపోదు,
అంత గట్టిగా పట్టుకోకు" అంది.
అని, పొట్టిదాన్ని ఎడమచేతికి లాగి లాగి తొడిగింది.
మణికట్టు బయటే ఉండిపోయింది.
"ఆకులు ఊడ్చేటప్పుడు
ఎడమచెయ్యి ఎలాగూ కిందే ఉంటుంది, ఎవరు చూస్తారు."

అన్నట్టే దంతె పట్టుకుని పెరట్లోకి పోయింది.
కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను:
పెద్ద చెయ్యి పైన, చిన్న చెయ్యి కింద,
మేపుల్ ఆకులు కుప్పలుగా,
గాలికి మళ్ళీ మొదటికొస్తూ.
ఆమె తిట్టింది. నాకు తెలియని మాట.
పుస్తకంలో ఇంకా రాలేదు.

సోమవారం పొద్దున మెట్ల కింద మళ్ళీ గంప.
పళ్ళ మీద బూడిదరంగు ఊలు ఉండలు రెండు,
పెద్దవి.
అట్టముక్క లేదు.
దయచేసీ లేదు.